ఇన్సూరెన్స్ లిమిట్ రెండున్నర లక్షలే అంటున్నరు, దవాఖాన బిల్లు తొమ్మిది దాటింది. మిగతాది ఎవలిని అడగాలె?

నకిరేకల్_పోరడు
మా తమ్మునికి 29 ఏండ్లు, టైల్స్ మేస్త్రి. పోయిన నెల నార్కట్‌పల్లి కాడ బైక్ మీద వస్తుంటే ఎన్క నుంచి కారు గుద్దింది. ఎడమ తొడ ఎముక ఇరిగింది, మోకాలి చిప్ప పగిలింది. హైదరాబాద్‌ల ప్రైవేటు దవాఖానల రెండు ఆపరేషన్లు, లోపల రాడ్డు ఏసిన్రు. ఇప్పటిదాకా 9 లక్షల 40 వేలు అయింది. అండ్ల 6 లక్షలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ.

మొన్న కారు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి అని ఒకాయన ఇంటికొచ్చిండు. మంచిగనే మాట్లాడిండు, చాయ్ తాగిండు. "దెబ్బలకు మా లిమిట్ రెండున్నర లక్షలమ్మా, ఇంతకన్నా ఎవలికీ రాదు, ఈడ సంతకం పెడితే నెలల పైసలు పడ్తయ్" అన్నడు. కారు ఓనర్ ఫోన్ ఎత్తుతలేడు. అమ్మ సంతకం పెట్టేద్దాం అంటంది, అప్పులోళ్లు ఇంటిముంగట కూసుంటున్నరు మరి. లిమిట్ దాటిన పైసల కోసం ఓనర్ మీద వేరే కేసు ఎయ్యొచ్చా?

పాలమూరు_పటాస్
ఎయ్యొచ్చు. నీ మనుమడు కాలేజీకి పోయేటాళ్లకు తీర్పు వస్తది.

పాలసీ_కాక
20 ఏండ్ల నుంచి పాలసీలు చేస్తున్న. థర్డ్ పార్టీకి, అంటే బండి గుద్దిన బయటోళ్లకు, లిమిట్ ఉన్నమాట నిజమే, కాని రెండున్నర కాదు తమ్మీ, ఏడున్నర లక్షలు. ఆయన తప్పు చెప్పిండు.

కచ్చేరి_గుమాస్తా
సంతకం పెట్టకండి. ముందు ఆ మాట, తర్వాత మిగతావి.

కోర్టులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను, అందులో సగం యాక్సిడెంట్ ఓపీల, అంటే పరిహారం పిటిషన్ల, ఫైళ్లతోనే గడిచింది. పాలసీ కాక గారూ, మీరు చెప్పిన ఏడున్నర లక్షలు ఆస్తి నష్టానికి. కారు వెళ్లి ఎవరి దుకాణానికో, గోడకో తగిలితే ఆ లిమిట్. మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా థర్డ్ పార్టీ పాలసీలో లిమిట్ లేదు. ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రిబ్యునల్, ఎంత తేలిస్తే అంత కంపెనీ కట్టాలి.

మరి ఆ రెండున్నర ఎక్కడిది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164. తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండా ఇచ్చే మొత్తం అది. ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర. 2019లో చట్టం మార్చారు, ఈ భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వచ్చినాయన అబద్ధం ఆడలేదు, సగం నిజం చెప్పాడు. ఆయన చెప్పని సగం ఏమిటంటే, కంపెనీతో సెటిల్‌మెంట్ పద్ధతిలో ఆ 164 డబ్బు ఒప్పుకుని తీసుకుంటే సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో ఉండే మీ పిటిషన్ అక్కడితో రద్దు. చట్టంలోనే రాసి ఉంది. తొమ్మిది లక్షల నలభై వేల బిల్లుకు రెండున్నర తీసుకుని తలుపు మూసుకున్నట్టే.

నకిరేకల్_పోరడు
సార్ మీ కాళ్లు మొక్కుత. అమ్మకు చదివి వినిపించిన. "చాయ్‌ల చక్కెర గూడ ఎక్కువేసిన" అంటంది.

పాలసీ_కాక
సరే ఆస్తి నష్టం సంగతి నేనే కలిపిన, ఒప్పుకుంటున్న. అయినా 15 లక్షల లిమిట్ అని ఇంకోటి ఉంటది గద?

కచ్చేరి_గుమాస్తా
అది బండి ఓనర్ స్వయంగా నడుపుతూ పడితే వచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్. వీళ్ల తమ్ముడికి సంబంధం లేదు. ఆయన కారుకు బయటి మనిషి, అసలైన థర్డ్ పార్టీ.

సూర్యాపేట_డ్రైవరన్న
ఎఫ్‌ఐఆర్ అయిందా లేదా అది చెప్పు ముందు. కారు నంబర్ ఉందా? ఎంపరివాహన్ యాప్‌ల నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎన్నడిదాకా ఉంది చూపెడ్తది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

నకిరేకల్_పోరడు
ఎఫ్‌ఐఆర్ అయింది అన్నా. యాప్‌ల సూసిన, పాలసీ నడుస్తనే ఉంది.

దేవరకొండ_టీచరమ్మ
మాదీ చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆయన బైక్‌ను ట్రాక్టర్ గుద్దింది, 2018లో. ఊర్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ట్రాక్టర్ వాళ్లు మా బంధువులకు బంధువులు. "కేసు పెడితే వాళ్ల పిల్లగాడు జైలుకు పోతడు, నీకేమొస్తది" అని లక్షా ఇరవై వేలకు కాయితం రాయించారు. ఆర్నెల్లకు మా ఆయన కాలికి చీము పట్టి మళ్లీ ఆపరేషన్. అప్పుడు కోర్టుకు పోతే కంపెనీ వకీలు మొదట తీసి చూపించింది ఆ కాయితమే. కేసు నిలబడింది గానీ రెండేళ్లు దాని చుట్టే తిరిగింది. పంచాయితీలో వచ్చిన డబ్బు ఎవరి దగ్గర అప్పు తీర్చడానికి పోయిందో కూడా గుర్తు లేదు.

పాలమూరు_పటాస్
పెద్దమనుషులకు మాత్రం ఆ రోజు మటన్ వచ్చి ఉంటది.

దేవరకొండ_టీచరమ్మ
వచ్చింది. బిల్లు మేమే కట్టాం.

జడ్చర్ల_జంక్షన్
అందరూ లిమిట్ లేదు లిమిట్ లేదు అంటున్నరు. ఉన్నకాడ ఉంటది. మా మేనబావ కారుల శ్రీశైలం పోయొస్తుంటే చెట్టుకు గుద్దిండు, నేను పక్క సీట్ల ఉన్న. నాకు నడుము ఎముక ఇరిగింది. కంపెనీ ఒక్క రూపాయి ఇయ్యలే. ఎందుకంటే బావ పైసలు మిగులుతయని వట్టి థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నడు. కారు లోపల కూసున్నోడు ఆ పాలసీల రాడట.

కచ్చేరి_గుమాస్తా
నిజం. వాడుకలో యాక్ట్ పాలసీ అంటారు. ప్రైవేటు కారులో ఊరికే కూర్చున్నవాళ్లు దాని కిందకు రారు. బైక్ వెనక కూర్చున్న వాళ్లకూ ఇదే బాధ, 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుల్ పాలసీ, అంటే ప్యాకేజ్ పాలసీ ఉంటే కారులో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది, 2012 బాలకృష్ణన్ తీర్పు. ఏడాదికి కొన్ని వేలు మిగుల్చుకుందామని యాక్ట్ పాలసీ తీసుకునేవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు. పాలసీ కాక గారు చెబుతారేమో.

పాలసీ_కాక
చెప్తం సార్. వినరు. "లోపల మనోళ్లే గద కూసునేది" అంటరు.

జడ్చర్ల_జంక్షన్
నా కేసుల ఓనర్ కట్టాలె అని తీర్పు వచ్చింది. ఓనర్ ఎవరు? మా మేనబావ. మా అక్క మొగుని మీద నేను వసూలు కేసు ఏసి ఆయన ప్లాటు జప్తు చేయించాల్నా? ఏడు లక్షల తీర్పు కాయితం అల్మారిల ఉంది. మా అక్క పండుగకు పిలుస్తది, నేను పోతలేను. లిమిట్ దాటి ఓనర్‌ను అడుగుడు అంటే ఇది. గెలుస్తం, పైసలు రావు.

నాగర్‌కర్నూల్_సిస్టర్
అయ్యో అన్నా. నేను క్యాజువాల్టీల చేస్త. పత్తి ఏరనీకి పోయే ఆడోళ్లు ట్రాక్టర్ ట్రాలీల, డీసీఎంల నిలబడి పోతరు, బోల్తా పడ్తది, ఒక్కసారి పది పన్నెండు మంది వస్తరు. వాళ్లకు ఇన్సూరెన్స్ వస్తదా?

కచ్చేరి_గుమాస్తా
సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవాళ్లకు కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసు నుంచి చెబుతున్నారు. కొన్ని కేసుల్లో కోర్టులు "ముందు కంపెనీ కట్టు, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో" అన్నాయి. డ్రైవర్‌కు లైసెన్స్ లేని కేసుల్లో ఆ మాట ఎక్కువ వినిపిస్తుంది, 2004 స్వరణ్ సింగ్ తీర్పు. కానీ ట్రాలీ కేసుల్లో దాని మీద ఆశ పెట్టుకోకూడదు. చాలామందికి మిగిలేది ఓనర్ ఒక్కడే. ఓనర్‌కు ఉండేది ఆ ట్రాక్టర్, దాని మీద ఫైనాన్స్.

సూర్యాపేట_డ్రైవరన్న
అసలు ప్రశ్న అడిగినాయన తమ్ముని సంగతి మాట్లాడున్రి. ఆయనకు కంపెనీ ఉంది, పాలసీ ఉంది.

కచ్చేరి_గుమాస్తా
అవును, దారి తప్పాం. నకిరేకల్ తమ్ముడూ, ఓనర్ మీద వేరే కేసు అక్కర్లేదు. ఒకే పిటిషన్‌లో ఓనర్, కంపెనీ ఇద్దరినీ పార్టీలుగా పెడతారు. జిల్లా కోర్టే ట్రిబ్యునల్. ప్రమాదం ఎక్కడ జరిగిందో అక్కడ వేయొచ్చు, మీరు ఉండే చోటా వేయొచ్చు. మీకు రెండు రకాలా నల్లగొండే కాబట్టి తిరుగుడు తక్కువ. దాన్ని ఓపీ అంటాం.

పాలమూరు_పటాస్
ఓపీ అంటే దవాఖానల చిట్టీ గాదా సార్.

కచ్చేరి_గుమాస్తా
రెండు చోట్లా లైన్‌లో నిలబడటమే, పేరు సరిగ్గానే పెట్టారు.

గడువు మాత్రం గుర్తుంచుకోండి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. మధ్యలో చాలా ఏళ్లు గడువే లేకుండా ఉండేది, అందుకే మన ఊళ్లలో "ఎప్పుడైనా వెయ్యొచ్చు" అనే మాట ఇంకా తిరుగుతోంది. అది పాత మాట.

కోదాడ_ఐటీ
నా కేసులో ఆఫీసు మెడిక్లెయిమ్ నుంచి 5 లక్షలు వచ్చాయి. "ఆ ఐదు తీసేసి ఇస్తాం" అంటున్నాడు కంపెనీ వకీలు. ప్రీమియం కట్టింది నేను, లాభం వాళ్లకా?

కచ్చేరి_గుమాస్తా
బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ 2025లో మెడిక్లెయిమ్ డబ్బు తగ్గించకూడదని చెప్పింది. మన హైకోర్టుకు అది కట్టుబాటు కాదు, కానీ మీ వకీలు చూపించుకోవచ్చు.

మిర్యాలగూడ_మిల్లు
మా అల్లునిది 2021 కేసు. దవాఖాన బిల్లులే చూపెట్టినం, బిల్లులే వచ్చినయ్, పైన ఇంకో లక్ష. పని చేసుకోలేక పోయినదానికి ఏం రాలే. వకీలు అడగలేదు, మేం చెప్పలేదు. మీ తమ్ముని పనేంది, నెలకు ఎంత సంపాదిస్తడు, అది పెట్టు. బిల్లుల కన్నా అదే పెద్దది.

నకిరేకల్_పోరడు
టైల్స్ పని. సీజన్ల నెలకు 25 వేలు, వానాకాలం 8 వేలు గూడ రావు. లెక్కేస్తే 15 వేలు పడ్తది. సాలరీ స్లిప్ ఏడికెళ్లి తేవాలె?

కచ్చేరి_గుమాస్తా
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఓపిగ్గా చదవండి.

మీ తమ్ముడికి రావలసిన దాంట్లో పెద్ద భాగం బిల్లు కాదు, మోకాలు. డాక్టర్ సర్టిఫికెట్‌లో 30 శాతం వైకల్యం అని రాశారనుకోండి. అది కాలి లెక్క. కోర్టు చూడవలసింది ఆ మనిషి సంపాదన ఎంత పోయిందని. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇది విడమరిచి చెప్పింది, ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోవచ్చు, అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నడవొచ్చు. నా మోకాలు మడవకపోతే నేను కుర్చీలో కూర్చుని ఫైళ్లు రాసేవాణ్ణి. టైల్స్ మేస్త్రి రోజంతా గొంతుకూర్చుని, మోకాళ్ల మీద పాకి పని చేస్తాడు. మోకాలు మడవని మేస్త్రికి 30 శాతం ఎలా అవుతుంది?

లెక్క ఇలా ఉంటుంది. నెలకు 15 వేలు, ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకు ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 2017 ప్రణయ్ సేథీ తీర్పు. ప్రాణం పోయిన కేసుల్లో వచ్చిన ఈ పద్ధతి గాయాల కేసులకూ ఉందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు. అంటే 2,52,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. 26 నుంచి 30 మధ్యలో ఉంటే 17, ఆ పట్టిక 2009 సరళా వర్మ కేసుది. 42,84,000. ఇందులో 30 శాతం అనుకుంటే 12,85,200. పనికి తగ్గట్టు 50 శాతం అని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే 21,42,000. దవాఖాన ఖర్చు 9,40,000 విడిగా. నొప్పి, మంచం మీద ఉన్న నెలల సంపాదన, తోడు ఉన్నవాళ్ల ఖర్చు, రేపు రాడ్డు తీయడానికి అయ్యేది, ఇవన్నీ మళ్లీ విడిగా. పైన వడ్డీ.

ఇప్పుడు ఆ రెండున్నర లక్షలు ఇంకోసారి చూసుకోండి.

పాలమూరు_పటాస్
లెక్కల సార్ లెక్క చదివి నాకే ఆకలైతంది.

పాలసీ_కాక
సార్, ఇది పేపర్ మీది లెక్క. 15 వేలు ఎవరు ఒప్పుకుంటరు? రుజువు లేకుంటే 10 వేలో, ఇంకా తక్కువో వేస్తరు. హెల్మెట్ లేదంటరు, ఆయన తప్పు గూడ ఉందంటరు, కోస్తరు. పిల్లగానికి ఆశలు పెట్టకున్రి.

కచ్చేరి_గుమాస్తా
ఆశ పెట్టడం లేదు. 10 వేలకు లెక్కేసినా 30 శాతానికి 8,56,800 వస్తుంది, బిల్లు కాకుండా. హెల్మెట్ లేనంత మాత్రాన ప్రమాదంలో అతని తప్పు ఉన్నట్టు కాదు, వెనక నుంచి గుద్దిన బండికి ఇతని తలతో పనేమిటి? బైక్ మీద ముగ్గురున్న కేసులో కూడా, అది ప్రమాదానికి కారణమని చూపించకుండా కోత వేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఒక మాటలో కాక గారిది నిజం, రుజువు లేకపోతే కోస్తారు. తమ్ముడు గత రెండేళ్లలో ఎవరెవరి ఇళ్లకు టైల్స్ వేశాడో వాళ్లలో ఇద్దరు సాక్ష్యానికి వస్తారా చూడండి. ఫోన్‌పేలో వచ్చిన పైసలు, బ్యాంకు స్టేట్‌మెంట్, లేబర్ కార్డు, సిమెంటు షాపు వాళ్ల చీటీలు, ఏదైనా సరే.

నకిరేకల్_పోరడు
ఫోన్‌పేల మస్తు ఉన్నయ్. లేబర్ కార్డు ఉంది, రెన్యువల్ చేయించలే.

నాగర్‌కర్నూల్_సిస్టర్
తమ్మీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, సీటీ ప్లేట్లు పారెయ్యకు. రాడ్డు, స్క్రూల స్టిక్కర్లు గూడ ఫైల్ల అంటించి ఉంటయ్, అవి జాగ్రత్త. మందుల షాపుల చీటీ మీద పేరు రాయించుకో. వైకల్యం సర్టిఫికెట్‌కు తొందరపడకు, కాలు కుదురుకున్నంక తీసుకోవాలె, లేకుంటే "ఇంకా మానుతది" అంటరు. సర్టిఫికెట్ రాసిన డాక్టర్ కోర్టుకొచ్చి చెప్పాలె, వస్తరో రారో ముందే అడుగు. ఆడనే మస్తు కేసులు ఆగుతయ్.

గద్వాల_గాలిమేడ
వకీలు ఎంత తీసుకుంటడు? మా కాడ నూటికి ఇరవై అడిగిండ్రు.

కచ్చేరి_గుమాస్తా
వచ్చిన దాంట్లో వాటా అని కుదుర్చుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. జరగడం లేదని నేను చెప్పను. ఫీజు ఎంతో ముందే రాసుకోండి. చెక్కు బుక్కు, పాస్ బుక్కు ఎవరికీ ఇవ్వకండి.

జడ్చర్ల_జంక్షన్
ఎక్కువ అడిగితే కొట్టేస్తరేమో అని మా వకీలు తక్కువ రాసిండు. అట్ల ఉంటదా?

కచ్చేరి_గుమాస్తా
ఉండదు. న్యాయమైన పరిహారం ఇవ్వడం ట్రిబ్యునల్ పని. అడిగినదానికంటే ఎక్కువ కూడా ఇవ్వొచ్చని 2002లో నాగప్ప కేసులో చెప్పారు.

మిర్యాలగూడ_మిల్లు
గీ ముచ్చట ముందే తెలుస్తే బాగుండు.

సూర్యాపేట_డ్రైవరన్న
నేను హైవే మీద బండి నడిపేటోణ్ణి, అటువైపు మాట గూడ ఒకటి. పోలీసోళ్లు 48 గంటల్ల మొదటి రిపోర్ట్, తర్వాత పూర్తి రిపోర్ట్ ట్రిబ్యునల్‌కు పంపాలె అని 2022 నుంచి రూల్ ఉంది. స్టేషన్‌ల అడిగి కాపీ తెచ్చుకోవాలె. అడగకుంటే ఎవ్వరూ తెచ్చియ్యరు. గుద్దిన కారు డ్రైవర్ పేరు మార్చి ఇంకొకని పేరు పెడ్తరు కొన్నిసార్లు, అది గూడ చూసుకో.

నకిరేకల్_పోరడు
మూడు నెలలకు మళ్లొచ్చిన. ఓపీ ఏసినం, నంబర్ పడ్డది. కారు డ్రైవర్‌ది ఓనర్ కొడుకు పేరే ఉంది, లైసెన్స్ ఉంది. టైల్స్ ఏయించుకున్న ఇద్దరు ఇంటోళ్లు సాక్ష్యం చెప్తమన్నరు, ఒకాయన "నా బాత్రూమ్ టైల్స్ ఇంకా ఊడలే, గదే సాక్ష్యం" అన్నడు.

ఆ చాయ్ తాగిన సార్ మళ్లొచ్చిండు. ఈసారి నాలుగు లక్షలు అన్నడు.

పాలమూరు_పటాస్
లిమిట్ పెరిగిందా? ఇంకో రెండుసార్లు చాయ్ తాపియ్యి.

పాలసీ_కాక
లోక్ అదాలత్‌ల కూడా పిలుస్తరు. మంచి అంకె వస్తే తీసుకో తమ్మీ, అప్పు వడ్డీ గూడ లెక్కల పెట్టుకో. ఆరేండ్లు ఆగి పాతిక కన్నా ఇప్పుడు పదిహేను మేలనిపిస్తే తప్పు కాదు.

కచ్చేరి_గుమాస్తా
ఈసారి కాక గారితో నాకు పేచీ లేదు. అంకె ఎంతైనా ట్రిబ్యునల్ ముందే రాసుకోండి, ఇంట్లో కాదు. తమ్ముడెలా ఉన్నాడు?

నకిరేకల్_పోరడు
కర్ర పట్టుకుని నడుస్తండు. మోకాలు సగమే మడుస్తది. మొన్న ఇంట్ల ఊకె ఉండబుద్ధి గాక బకెట్ బోర్లించి దాని మీద కూసుని వంటింట్ల పగిలిన టైల్స్ మార్చిండు. ఇది రాయొద్దేమో, పని చేస్తుండని కంపెనోళ్లు అంటరేమో?

కచ్చేరి_గుమాస్తా
దాచకండి. డాక్టర్‌కూ వకీలుకూ చెప్పండి. ఎన్ని వేశాడు, ఎంతసేపు పట్టింది?

నకిరేకల్_పోరడు
రెండు. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నోడు లేచేసరికి అన్నం టైమ్ అయింది. మూడోది అమ్మ ఎయ్యనియ్యలే.